ఏకీకరణ వేరు, తౌహీద్ వేరు – అబ్దుస్ సలామ్ ఉపన్యాసాలపై ఒక విమర్శ

1979 డిసెంబరు 10వ తేదీన స్టాక్‌హోమ్ నగరంలో నోబెల్ బహుమతుల ప్రదానం జరిగినది. ఆ ఏడాది భౌతికశాస్త్ర బహుమతిని ముగ్గురు పంచుకున్నారు: అమెరికాకు చెందిన షెల్డన్ గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్, పాకిస్తాన్‌లోని ఝంగ్ పట్టణంలో చదువు ప్రారంభించిన అబ్దుస్ సలామ్. తలపాగాతో సభకు వచ్చిన సలామ్ ఆ రాత్రి విందులో మాట్లాడుతూ సూరహ్ అల్ ముల్క్‌లోని 3, 4 ఆయత్‌లను వినిపించారు. కరుణామయుని సృష్టిలో లోపం కానరాదని, ఎన్నిమార్లు తిరిగి చూచినా చూపు అలసి వెనుకకు వస్తుందని వాటి భావం. భౌతికశాస్త్రజ్ఞులందరి విశ్వాసం కూడా ఇదేననీ, ఎంత లోతుకు వెళితే అంత ఆశ్చర్యం కలుగుతుందనీ ఆయన అన్నారు.

ఆ రాత్రి ఆయన అన్నది అంతే. ఆ కొద్ది మాటల మీద తరువాతి నాలుగు దశాబ్దాలలో పెద్ద కట్టడమే లేచినది. ప్రసంగాలలోనూ కరపత్రాలలోనూ వినవచ్చే వాదం స్థూలంగా ఇది: ప్రకృతిలోని బలాలన్నీ మూలంలో ఒక్కటేనని శాస్త్రం తేల్చుతున్నది, నేడో రేపో విశ్వమంతా ఒకే సమీకరణంలో ఇమిడిపోతుంది, కావున దేవుడొక్కడే అన్న ఇస్లాం మూలసూత్రం ప్రయోగశాలలో రుజువైనది. వినడానికి ఇంపుగా ఉంటుంది. కాలేజీలో సైన్సు చదివే యువకుడు నలుగురిలో తలెత్తి చెప్పుకోవడానికి పనికివస్తుంది. ఐతే ఈ వాదంలో శాస్త్రమూ సరిగా లేదు, అకీదా కూడా సరిగా లేదు. సలామ్ రచనలను శ్రద్ధగా చదివితే ఈ సంగతి వాటిలోనే తెలుస్తుంది.

చర్చకు ముందు ఒక మాట. సలామ్ అహ్మదీయ వర్గానికి చెందినవారు. 1974లో పాకిస్తాన్ పార్లమెంటు రాజ్యాంగ సవరణ ద్వారా ఆ వర్గాన్ని ముస్లిమేతరులుగా ప్రకటించినప్పుడు ఆయన ప్రభుత్వ శాస్త్ర సలహాదారు పదవికి రాజీనామా ఇచ్చారు. ఖత్మె నుబువ్వత్ గురించిన ఆ చర్చకు వేరే స్థానం ఉన్నది. ఇచట విమర్శకు నిలిచినది ఒక వాదం మాత్రమే. ఆయన పేరు చెప్పడానికి ఇష్టపడనివారు కూడా ఆయన బహుమతిని తమ వాదానికి వాడుకోవడం చూస్తుంటే, వాదాన్ని మనిషినుండి వేరుచేసి చూడడమే మేలనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ప్రకృతిలో నాలుగు మూలబలాలున్నాయని భౌతికశాస్త్రం చెబుతుంది. గురుత్వాకర్షణ మనను నేల మీద నిలుపుతున్నది. విద్యుదయస్కాంత బలం పరమాణువును పట్టి ఉంచుతున్నది. ప్రబల కేంద్రక బలం పరమాణు గర్భంలోని ప్రోటానులను, న్యూట్రానులను కట్టి ఉంచుతున్నది. నాలుగవది బలహీన కేంద్రక బలం. ప్రోటాను న్యూట్రానుగా మారడం దీని పని. సూర్యుని గర్భంలో హైడ్రోజను మండడానికి తొలి మెట్టు ఇదే. వీటిలో రెండవదీ నాలుగవదీ పైకి చూస్తే ఏ పోలికా లేనివి. విద్యుదయస్కాంత బలం ఎంత దూరమైనా వ్యాపిస్తుంది, నక్షత్రాల కాంతి మనకు చేరడమే అందుకు నిదర్శనం. బలహీన బలమైతే ప్రోటాను వెడల్పులో వెయ్యవ వంతు దూరం కూడా దాటదు. ఈ రెండూ ఒకే కుదురు నుండి వచ్చినవని 1961లో గ్లాషో, 1967లో వైన్‌బర్గ్, 1968లో సలామ్ గణితరూపంలో చూపారు. 1971లో డచ్చి యువకుడు జెరార్డ్ టి హూఫ్ట్ ఆ గణితం నిలకడ గలదని నిరూపించేవరకు దానిని పట్టించుకున్నవారు తక్కువ. 1973లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ఆ సిద్ధాంతం ముందే చెప్పిన ఒక కొత్త రకం చర్య కనబడినది. 1983లో అక్కడే డబ్ల్యు, జడ్ అనే కణాలు దొరికినవి. 2012లో హిగ్స్ కణం దొరికినది. మానవ బుద్ధి సాధించిన గొప్ప విజయాలలో ఇదొకటి అనడంలో సందేహం లేదు.

సలామ్ 1988లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన డిరాక్ స్మారక ఉపన్యాసం 1990లో పుస్తకంగా వచ్చినది. మూలబలాల ఏకీకరణ చరిత్రను సామాన్య పాఠకునికి ఇంత ఉత్సాహంగా చెప్పిన చిన్న పుస్తకాలు అరుదు. గణితం తెలియనివాడు కూడా ఆ ఉపన్యాసం చివరకు చేరేసరికి ఈ శాస్త్రజ్ఞులు దేనికోసం నిద్రలు మానుకున్నారో గ్రహిస్తాడు. చిక్కు అక్కడే వస్తుంది. ఆ ఉత్సాహంలో ఏకీకరణ అనే మాట వినిపించిన ప్రతిచోటా ముస్లిం పాఠకుని మనస్సు తౌహీద్ అనే మాటను అందుకుంటుంది.

ఆ అందుకోవడానికి భాషాపరమైన కారణం కూడా ఉన్నది. నేటి అరబీలో భౌతికశాస్త్ర గ్రంథాలు బలాల ఏకీకరణను ‘తౌహీదుల్ ఖువా’ అనే వ్యవహరిస్తాయి. అకీదా గ్రంథాల అట్టమీద ఉండే మాటే ఇక్కడా ఉన్నది. తెలుగులో ‘ఏకత్వం’, ‘ఏకీకరణ’, ‘ఏకేశ్వర విశ్వాసం’ అన్నీ ఒకే ‘ఏక’ శబ్దం చుట్టూ తిరుగుతాయి. ఉర్దూలో ‘వహ్దత్’ ఆ పని చేస్తుంది. మాట ఒకటే కావడంతో భావమూ ఒకటే అనుకోవడం సులభం. ఐతే అరబీలో 1932 నాటి సౌదీ రాజ్య ఏకీకరణకు కూడా ‘తౌహీద్’ అనే అంటారు. నజ్ద్, హిజాజ్ ప్రాంతాలు ఒకే రాజ్యం కావడం వల్ల కలిమా రుజువైనదని ఎవరూ అనరు గదా!

వ్యాకరణం ఇక్కడ కొంత వెలుగు చూపుతుంది. తౌహీద్ అన్నది ‘తఫ్‌ఈల్’ అనే ధాతురూపంలోని మాట. ఆ రూపానికి రెండు అర్థాలు వస్తాయి. ఒకటి, ఏదైనా ఒకటి కాని దానిని ఒకటిగా చేయడం. రెండవది, ఒకటై ఉన్న దానిని ఒకటని అంగీకరించడం, ప్రకటించడం. రాజ్యాలకూ బలాలకూ మొదటి అర్థం వర్తిస్తుంది. అల్లాహ్ విషయంలో మొదటి అర్థం అసంభవం. ఆయనను ఎవరూ ఒక్కడిగా చేయలేదు, చేయవలసిన అవసరమూ రాలేదు. ఏకీకరణ జరగాలంటే ముందు అనేకం ఉండాలి, ఆ అనేకంలో దాగిన సంబంధం బయటపడాలి. సూరహ్ అల్ ఇఖ్లాస్ బోధించే ‘అహద్’ అట్టిది కాదు. భాగాలు కలిసి ఏర్పడినదేదీ అల్లాహ్ కాజాలదని కలామ్ విద్వాంసులు నొక్కిచెప్పడంలోని ఉద్దేశం ఇదే. నాలుగు బలాలు ఒకటైనా అది సృష్టిలోని ఒక బలమే అవుతుంది. సృష్టిలోని ఏకత్వాన్నే సృష్టికర్త ఏకత్వమని భావించే ధోరణి ఎచటికి దారితీస్తుందో వహ్దతుల్ వుజూద్ చర్చలు, వాటిపై షేఖ్ అహ్మద్ సర్హిందీ చేసిన విమర్శ తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పోలికను శాస్త్రం వైపునుండి చూచినా అది ఎంతోదూరం నడవదు. విద్యుత్ బలం, బలహీన బలం ఒకటే ఐతే నిత్యజీవితంలో అవి రెండుగా ఎందుకున్నాయి? సిద్ధాంతం ఇచ్చే సమాధానం ‘సౌష్ఠవ భంగం’. విశ్వం పుట్టిన తొలి క్షణంలోని మహోష్ణంలో ఆ రెంటి మధ్య సౌష్ఠవం ఉన్నది. విశ్వం చల్లబడగానే అది విరిగినది. కాంతికణం భారం లేనిదిగా మిగిలినది; డబ్ల్యు కణం ప్రోటానుకన్న సుమారు 86 రెట్లు, జడ్ కణం సుమారు 97 రెట్లు బరువెక్కినవి. ఇప్పుడున్న పరమాణువులు, సూర్యుడు, నీరు, ప్రాణం అన్నీ ఆ విరిగిన సౌష్ఠవం మీదనే నిలిచి ఉన్నవి. తౌహీద్‌కు ఈ సౌష్ఠవాన్ని సాక్ష్యంగా తెచ్చేవారు ఆ భంగాన్ని దేనికి సాక్ష్యంగా చెబుతారు? పోలికలో అనుకూలమైన సగాన్ని తీసుకొని, రెండవ సగాన్ని విడిచిపెట్టడం న్యాయం కాదు.

మరొక సంగతి కరపత్రాలలో ఎప్పుడూ కనబడదు. విద్యుత్, బలహీన బలాల ఈ కలయిక పూర్తి ఏకీకరణ కూడా కాదు. ఆ సిద్ధాంతంలో బలాల తీవ్రతను తెలిపే అంకెలు రెండు మిగిలే ఉన్నవి. వాటి నిష్పత్తి ఎంతో సిద్ధాంతం చెప్పదు, ప్రయోగం చేసి కొలవవలసినదే. ప్రబల బలాన్ని కూడా చేర్చుకొన్న నేటి ప్రామాణిక సిద్ధాంతంలో, న్యూట్రినోల భారాన్ని పక్కన పెట్టినా, అట్టి కొలవవలసిన అంకెలు 19 వరకు ఉన్నవి. గురుత్వాకర్షణ ఇంకా గుమ్మం బయటే నిలిచి ఉన్నది.

ఆ ఆయత్‌ల విషయానికి వద్దాం. సలామ్ చదివినవి మూడవ, నాలుగవ ఆయత్‌లు. వాటికి ముందున్న రెండవ ఆయత్‌లో, మీలో ఎవరి ఆచరణ మేలైనదో పరీక్షించేందుకు అల్లాహ్ మరణాన్నీ జీవితాన్నీ సృజించాడన్న విషయం ఉన్నది. ఆకాశాలను చూడమన్న ఆజ్ఞ ఆ పరీక్షా ప్రస్తావన వెంటనే వస్తుంది. చూచే కన్ను అలసి తిరిగి రావడం ఆ చూపు సాధించిన ఫలితం. అంటే ఈ ఆయత్ మానవుని చూపునకున్న హద్దును అతనికి చూపుతున్నది, అతని చేతికి విజయపత్రం ఇవ్వడం లేదు. విందు సభలో రెండు నిమిషాలు మాట్లాడేవారు సందర్భమంతా చెప్పలేరు, అది సలామ్ దోషం కాదు. ఆయన ఆ ఆయత్‌లను ఆశ్చర్యానికి సాక్ష్యంగా చదివారు. తన సిద్ధాంతానికి రుజువుగా కాదు, తన సిద్ధాంతాన్ని ఆయత్‌కు రుజువుగానూ కాదు. ఈ తేడాను తరువాతివారు తుడిచివేశారు.

తుడిచివేయడం వల్ల ఎంత నష్టం వస్తుందో తెలుసుకోవాలంటే కోలారు బంగారు గనులకు వెళ్ళాలి.

విద్యుత్, బలహీన బలాల తరువాత ప్రబల బలాన్ని కూడా అదే గూటికి చేర్చే ప్రయత్నం వెనువెంటనే ప్రారంభమైనది. ఒడిషాకు చెందిన జోగేశ్ పతి, సలామ్ కలిసి 1973–74లో ఒక మార్గం చూపారు. 1974లో హోవార్డ్ జార్జై, గ్లాషో మరొక మార్గం చూపారు. రెండింటిలోనూ ఒక విచిత్రమైన ఫలితం ఉన్నది: పదార్థానికి పునాది అనుకున్న ప్రోటాను కూడా శాశ్వతం కాదు, ఏదో ఒకనాడు క్షీణించవలసిందే. జార్జై, గ్లాషోల సరళమైన లెక్క ప్రకారం ప్రోటాను సగటు ఆయువు ఒకటి పక్కన ముప్ఫై లేక ముప్ఫై ఒక్క సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు. విశ్వం వయస్సే సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. మరి దీనిని పరీక్షించడం ఎట్లు? ఉపాయం ఒకటే. ఒక ప్రోటాను ముందు అన్ని సంవత్సరాలు కూర్చోలేము గనుక, అన్ని ప్రోటానులను ఒకచోట చేర్చి ఒక సంవత్సరం కాపలా కాయాలి. ఒక టన్ను ఇనుములో ప్రోటానులు, న్యూట్రానులు కలిపి ఆరు పక్కన 29 సున్నాలు పెట్టినన్ని ఉంటాయి. వంద టన్నులు పేర్చితే ఏడాదికి కొన్నైనా క్షీణించడం కనబడాలి. ఐతే ఆకాశం నుండి నిరంతరం కురిసే విశ్వకిరణాలు పరికరాన్ని మోసగిస్తాయి గనుక ఆ కాపలా భూమిలోపల లోతున జరగాలి.

కోలారు గనులు అందుకు తగిన చోటు. అవి కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్నవి. తమిళం, తెలుగు మాట్లాడే కార్మికులు తరతరాలుగా అక్కడ పనిచేశారు. అంతకుముందే 1965లో అక్కడి లోతులలో, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ దొరికినది. టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు జపాను శాస్త్రజ్ఞులతో కలిసి 1980లో సుమారు 2,300 మీటర్ల లోతున దాదాపు 140 టన్నుల పరికరాన్ని నెలకొల్పారు. ఇనుప పలకలు, వాటి మధ్య వరుసలు వరుసలుగా గొట్టాల వంటి కౌంటర్లు. ప్రోటాను క్షయం కోసమే ఆ స్థాయిలో పనిచేసిన తొలి ప్రయోగాలలో అది ఒకటి. ఒకటి రెండేళ్ళలోనే అనుమానించదగిన కొన్ని ఘటనలు దొరికినట్లు వారు ప్రకటించారు. ప్రపంచమంతా అటు తిరిగి చూచినది.

ఆ తరువాత ఒహాయో రాష్ట్రంలోని ఒక ఉప్పుగనిలో, జపానులోని కామియోకా గనిలో అంతకన్న ఎంతో పెద్ద నీటి తొట్లు పనికి దిగినవి. ప్రోటాను క్షీణించిన జాడ లేదు. 1996 నుండి కామియోకాలోనే 50,000 టన్నుల నీటితో మరొక తొట్టి కాపలా కాస్తున్నది. ఫలితం అదే. ఒక ముఖ్యమైన క్షయమార్గంలో ప్రోటాను ఆయువు ఒకటి పక్కన 34 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలకన్న ఎక్కువేనని ఆ ప్రయోగం తేల్చినది. 1974 నాటి సరళమైన సిద్ధాంతం ఆ లెక్కకు నిలవలేదు. కోలారు ఘటనలు వేరెచటా బలపడలేదు. ఆ గనులే 2001లో మూతపడినవి.

ఈ కథలో భౌతికశాస్త్రానికి అవమానం ఏమీ లేదు. శాస్త్రం నడిచే దారే ఇది. పైగా ప్రోటాను కోసం కట్టిన తొట్లలోనే 1987 ఫిబ్రవరిలో ఒక నక్షత్ర విస్ఫోటం నుండి వచ్చిన న్యూట్రినోలు పట్టుబడినవి, 1998లో న్యూట్రినోలకు భారం ఉన్నదని తేలినది. వెదికినది దొరకకున్నా వెదకనిది దొరికినది. అవమానం ఎవరికంటే, 1980లో ‘మహా ఏకీకరణ’ను తౌహీద్‌కు రుజువుగా వేదికలెక్కి చెప్పినవారికి. ప్రోటాను క్షీణించలేదన్న వార్త వచ్చిన రోజున వారి శ్రోతకు ఏమి సమాధానం ఉన్నది? ప్రయోగంతో ముడివేసిన విశ్వాసాన్ని ప్రయోగమే విప్పగలదు. పదిహేడేళ్ళ విద్యార్థి ఆ ముడిని తన దీన్ అనుకొని కాలేజీకి వెళ్ళినట్లయితే, భౌతికశాస్త్రం అధ్యాపకుడు చెప్పే ఒక్క వాక్యం అతనిని కలవరపెట్టడానికి చాలు. ఆ కలవరానికి బాధ్యత అధ్యాపకునిది కాదు.

‘ఒకే ఒక్క సమీకరణం’ అనే మాటకు ఉన్న మోజును గురించి కూడా కొంత చెప్పుకోవలసి ఉన్నది. మాక్స్‌వెల్ 1865లో విద్యుత్తునూ అయస్కాంతత్వాన్నీ కాంతినీ ఏకం చేసినప్పుడు వ్రాసిన సమీకరణాలు 20. హెవిసైడ్ మొదలైనవారు కొత్త గుర్తులు వాడి వాటిని నాలుగుకు తెచ్చారు. ఇంకా కొత్త గణితంలో రెండుగా, ఒకటిగా కూడా వ్రాయవచ్చు. ప్రకృతి మాత్రం మారలేదు, కాగితం మీది చోటు తగ్గినదంతే. అమెరికా శాస్త్రజ్ఞుడు ఫైన్‌మన్ తన పాఠాలలో ఈ మోజును సున్నితంగా ఎగతాళి చేశారు. ప్రకృతి సూత్రాలన్నింటినీ తీసుకొని, ప్రతిదానిలో ఎడమవైపు నుండి కుడివైపును తీసివేసి, మిగిలిన తేడాల వర్గాలన్నింటినీ కూడి ఆ మొత్తానికి ‘అలౌకికత’ అని పేరు పెట్టవచ్చునట. అలౌకికత సమానం సున్న. విశ్వమంతటికీ ఒకే సమీకరణం! చూడడానికి ఎంత సరళమో, లోపల అంత శూన్యం. విప్పితే మళ్ళీ పాత సూత్రాలన్నీ బయటకు వస్తాయి. సమీకరణం ఒకటి కావడం గొప్ప కాదు. దేనిని దేనితో కలిపినది, ఆ కలపడం వల్ల ఇదివరకు తెలియని ఏ విషయాన్ని ముందుగా చెప్పినది అన్నదే గొప్ప.

ఈ మోజు మహామహులను కూడా వదలలేదు. ఐన్‌స్టైన్ తన చివరి మూడు దశాబ్దాలను ఏకీకృత క్షేత్ర సిద్ధాంతానికి ధారపోశారు. 1929లో ఆయన వెలువరించిన వ్యాసాన్ని న్యూయార్క్ పత్రిక ఒకటి సమీకరణాలతో సహా అచ్చువేసినది. లండనులో ఒక పెద్ద దుకాణం కిటికీ అద్దాలకు ఆ పుటలు అతికిస్తే జనం గుమిగూడి చదివారు. ఏమి అర్థమైనదో అల్లాహ్‌కే తెలుసు. కేంద్రక బలాలను లెక్కలోకి తీసుకోకుండానే ఏకీకరణ సాధించాలన్న ఆ ప్రయత్నం ఫలించలేదు. 1955 ఏప్రిల్‌లో ఆస్పత్రి మంచం మీద కూడా ఆయన ఆ లెక్కల కాగితాలు తెప్పించుకున్నారు. సలామ్ ఉపన్యాసమున్న పుస్తకంలోనే హైసెన్‌బర్గ్ ఉపన్యాసం ఒకటి ఉన్నది. ఆ హైసెన్‌బర్గ్ 1958లో, విశ్వసమీకరణం దొరికినదనీ చిన్న చిన్న వివరాలు మాత్రమే మిగిలినవనీ పత్రికలలో ప్రచారం కావడానికి కారకుడైనారు. ఆయనతో కలిసి పనిచేసిన పౌలీ వెంటనే విడిపోయి, మిత్రునికి వ్రాసిన ఉత్తరంలో ఒక ఖాళీ చతురస్రం గీచి పంపారు. తాను టిషియన్ వంటి చిత్రకారుణ్ణని లోకానికి చాటడానికే ఆ చిత్రమనీ, చిన్న వివరాలు మాత్రమే మిగిలి ఉన్నవనీ దాని కింద వ్రాశారు! స్టీఫెన్ హాకింగ్ 1988లో సంపూర్ణ సిద్ధాంతం దొరకగలదన్న ఆశతో తన ప్రసిద్ధ గ్రంథాన్ని ముగించారు. 2002 నాటికి ఆ ఆశను ఆయనే వదులుకున్నారు.

అన్నింటికన్న బలమైన సాక్ష్యం సలామ్ కలం నుండే వచ్చినది. పర్వేజ్ హూద్‌భాయ్ ఇస్లాం, శాస్త్రం అన్న విషయం మీద 1991లో ప్రచురించిన గ్రంథానికి సలామ్ ముందుమాట వ్రాశారు. సలామ్ విశ్వాసి, వైన్‌బర్గ్ నాస్తికుడు, ఐనా ఇద్దరూ ఒకే సిద్ధాంతానికి వచ్చారన్న హూద్‌భాయ్ మాట సరైనదేనని ఆ ముందుమాటలో ఆయన అంగీకరించారు. ఏకీకరణ వైపు తన మొగ్గులో ముస్లిం నేపథ్యం పాత్ర ఏమైనా ఉంటే అది తనకు తెలియకుండా పనిచేసినదేనన్నారు. ఈ నిజాయితీని మెచ్చుకొనక తప్పదు. వైన్‌బర్గ్ సంగతి తెలిసినదే: విశ్వం ఎంతగా అర్థమైతే అంతగా అర్థరహితంగా కనిపిస్తుందన్న ధోరణిలో 1977లో ఒక గ్రంథం ముగించినవారు ఆయన. ఇద్దరి కాగితాల మీద ఒకే సమీకరణాలు. ఒకరికి వాటివెనుక ఖుర్ఆన్ ఆయత్ వినిపించినది, మరొకరికి నిశ్శబ్దం. ఆ సమీకరణమే తౌహీద్‌కు రుజువైతే దానిని స్వయంగా కనుగొన్న వైన్‌బర్గ్‌కు ఎందుకు రుజువు కాలేదు? విశ్వాసి సృష్టిలో నిదర్శనాలు చూస్తాడు, చూడమని ఖుర్ఆన్ పదే పదే పిలుస్తున్నది. ఐతే నిదర్శనం వేరు, గణితపు రుజువు వేరు. ఆయత్ అనే మాటకు ‘గురుతు’ అని అర్థం. గురుతు దారి చూపుతుంది, మెడపట్టి నడిపించదు.

ఈ విషయంలో అనుసరించవలసిన మార్గం పధ్నాలుగు శతాబ్దాల క్రితమే కనిపిస్తున్నది. హిజ్రీ 10లో దైవప్రవక్త (సఅసం) పసిబిడ్డ ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టినది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే నల్లబడినాడని మదీనా ప్రజలు అనుకున్నారు. వారికి అది భక్తి. ఆయన మౌనంగా ఊరుకొని ఉంటే చాలు, అంతకన్న పెద్ద ప్రచారం అవసరం లేదు. కాని ఆయన ఆ దుఃఖంలోనే లేచి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాలలోనివేననీ, ఎవరి చావు కొరకూ ఎవరి పుట్టుక కొరకూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టంగా చెప్పారు. ఇది బుఖారీలో ఉన్న హదీసు. తనకు అనుకూలమైన ఆకాశ సాక్ష్యాన్ని, అది సాక్ష్యం కాదు గనుక, ప్రవక్త (సఅసం) నిరాకరించారు. నిదర్శనమన్న మాటను మాత్రం నిలిపి ఉంచారు.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ పీఠికలో గ్రహణాలనే ఉదాహరణగా తీసుకున్నారు. గ్రహణగణితాన్ని ఖండించడం దీన్‌కు సేవ అనుకొనేవాడు దీన్‌కే ద్రోహం చేస్తున్నాడని ఆయన అభిప్రాయం. గణితం తెలిసినవాడు ఆ ఖండన విన్నప్పుడు గణితాన్ని శంకించడు, షరీఅత్‌ను శంకిస్తాడు. దీన్‌ను తప్పుదారిలో సమర్థించేవాని వల్ల కలిగే హాని, దానిని ఎదిరించేవాని వల్ల కలిగే హాని కన్న ఎక్కువని కూడా ఆయన గుర్తించారు. ఆ కాలంలో పేచీ శాస్త్రాన్ని తిరస్కరించేవారితో. ఈ కాలంలో పేచీ శాస్త్రాన్ని అరువు తెచ్చుకొనేవారితో. ఇద్దరి వల్ల పడే దెబ్బ ఒకచోటనే పడుతుంది.

చివరకు సలామ్ ఉపన్యాసంలోని ఒక లోపం. ఏకీకరణ చరిత్రను ఆయన అల్ బిరూనీతో ప్రారంభిస్తారు. నేలకూ ఆకాశానికీ ఒకే సూత్రాలు వర్తిస్తాయన్న భావాన్ని బిరూనీకి అప్పగించి, అటునుండి గెలీలియోకు, న్యూటనుకు వస్తారు. సోదర శాస్త్రజ్ఞునిపై అభిమానం సహజమే, కాని ఇంత తొందరగా బిరూనీని ఏకీకరణ వాదిని చేయడం వల్ల ఆయన అసలు గొప్పతనం మరుగునపడుతుంది. ఆయన ఇబ్నె సీనాకు పంపిన 18 ప్రశ్నలను చూడాలి. ఆకాశగోళాలు వృత్తాకారంలోనే ఎందుకు తిరగాలి, ఇటువంటి లోకం మరొకటి ఎందుకు ఉండకూడదు, మంచుగడ్డ నీటిమీద ఎందుకు తేలుతుంది? అరిస్టాటిల్ విశ్వచిత్రం ఆ కాలపు సంపూర్ణ సిద్ధాంతం, సర్వం అందులో ఇమిడినదని పండితులు నమ్మేవారు. బిరూనీ దాని అతుకులను ఒక్కొక్కటిగా తడిమి చూచారు. పంజాబులోని నందనా కోట దగ్గర ఒక కొండ ఎక్కి, దిగంతం ఎంత దిగువకు వాలి కనిపిస్తున్నదో కొలిచి, దానితో భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టారు. కొలిచినదానిని మాత్రమే చెప్పడం ఆయన పద్ధతి. కోలారులో ఇనుప పలకలు పేర్చి కూర్చున్నవారికి ఆయన పూర్వీకుడు అనిపించుకుంటాడు, విశ్వసమీకరణం దొరికినదని ప్రకటించినవారికి కాదు.

సలామ్ ఉపన్యాసాలు తెలుగులోకి రావలసిన రచనలే. 1964లో ఇటలీలోని త్రియెస్తెలో పేదదేశాల శాస్త్రజ్ఞుల కొరకు కేంద్రాన్ని స్థాపించినవారి మాటలు, ముస్లిం ప్రభుత్వాలు శాస్త్రవిద్య మీద ఖర్చు చేయాలని ఎన్నో వేదికలపై వేడుకున్నవారి మాటలు, స్టాక్‌హోమ్ ఆయత్‌లంత తరచుగా ఎక్కడా ఉదహరింపబడకపోవడం విచారకరం. అనువదించేవారు ‘యూనిఫికేషన్’ అన్న చోటనెల్లా ‘ఏకీకరణ’ అని వ్రాస్తే చాలును. ‘తౌహీద్’ను, ‘ఏకత్వాన్ని’ అక్కడికి తీసుకురావద్దు. ప్రోటాను ఆయువు గురించిన పేరాలను సంక్షేపం పేరుతో వదలివేయవద్దు. ఆ పేరాల కింద, 1988 తరువాత కామియోకా తొట్టి ఏమి చెప్పినదో రెండు పంక్తులు చేర్చడం అవసరం.